గుర్రాల ట్రైలర్‌కి ఏ బండి? హైలాండర్‌తో లాగొచ్చా?

ఆబ్రీ_నాన్న
అందరికీ నమస్కారం. మాది డాలస్‌కి ఉత్తరాన ప్రాస్పర్. పాప ఆబ్రీలో ఒక బార్న్‌లో స్వారీ నేర్చుకుంటోంది, ఇప్పుడు పోటీలకు వెళ్తానంటోంది. రెండు గుర్రాల బంపర్ పుల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగేది) ఒకటి చూశాం. స్టీలు, స్ట్రెయిట్ లోడ్ (గుర్రాలు పక్కపక్కన ముందుకి తిరిగి నిలబడతాయి), ముందు చిన్న డ్రెస్సింగ్ రూమ్. ఖాళీ బరువు 3,200 పౌండ్లు, జీవీడబ్ల్యూఆర్, అంటే అన్నీ ఎక్కించాక మించకూడని బరువు, 7,000. ఇంట్లో ఉన్న బళ్ళు 2021 టొయోటా హైలాండర్ వీ6, టెస్లా మోడల్ వై. హైలాండర్ 5,000 లాగుతుందని మాన్యువల్‌లో ఉంది. గుర్రాలు రెండూ కలిపి రెండు వేలు. అంటే 5,200. 200 పౌండ్లే కదా ఎక్కువ! ఏడాదికి నాలుగైదుసార్లు ఫోర్ట్‌వర్త్‌లో పోటీలు జరిగే విల్ రోజర్స్ దాకా, ఎప్పుడన్నా ఓక్లహోమా. మేం నలుగురం వెళ్తాం. దీనికోసం ట్రక్కు కొనక తప్పదా? కొంటే 45 వేల లోపు, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు.

డీజిల్_బాబాయ్
హైలాండర్ వద్దు. మోడల్ వై 3,500 దగ్గరే ఆగిపోతుంది, దాని మాటే వద్దు. ఎందుకో తూకంరాళ్ళు గారు వచ్చి లెక్క కట్టి చెప్తారు, కాసేపు ఆగండి.

తూకంరాళ్ళు
పిలిచారు కాబట్టి వచ్చాను.

ముందు ట్రైలర్ అసలు బరువు తేల్చుకుందాం. 5,200 కాదు. ఖాళీ ట్రైలర్ 3,200. ఇది బ్రోచర్ అంకె అయితే కింద వేసే రబ్బరు మ్యాట్లు, స్పేర్ చక్రం అందులో ఉన్నాయో లేవో అడగండి, చాలాసార్లు ఉండవు. గుర్రాలు ఒకటి 1,150, ఒకటి 1,050 అనుకుందాం, 2,200. జీనులు, ప్యాడ్లు, కళ్ళేలు, బ్రష్షుల పెట్టె కలిపి 120. నీళ్ళు 20 గ్యాలన్లు, గ్యాలన్ 8.34 పౌండ్లు, అంటే 167. గడ్డి బేళ్ళు రెండు, 110. బకెట్లు, తాళ్ళు, ఫస్ట్ ఎయిడ్, మడత కుర్చీలు 60. మొత్తం 5,857.

గుర్రం బరువు ఊహించి రాయొద్దు. టేపుతో ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 330తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. 74 చుట్టుకొలత, 68 పొడవు ఉంటే 1,128. వార్మ్‌బ్లడ్ అయితే 1,300 దాటడం మామూలే.

ఇక అసలు సంగతి. ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీద ఉండదు. బంపర్ పుల్‌లో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (బండి వెనక బిగించే ఇనుప గుండు) మీద కూర్చుంటుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. 13 శాతం వేసుకుంటే 761 పౌండ్లు. ఆ 761ని మోసేది ట్రైలర్ కాదు, మీ బండి. అంటే అది బండి పేలోడ్‌లోంచి, బండి మోయగల బరువులోంచి, పోతుంది. 761 + వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బాల్ మీది బరువుని ముందు ఇరుసుకీ పంచేది) 90 + మీరు నలుగురు 580 + బండిలో సామాను 100. మొత్తం 1,531.

డ్రైవర్ తలుపు తీసి, స్తంభం మీద పసుపుగీత స్టిక్కర్ చూడండి. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. అక్కడ 1,531 కంటే పెద్ద అంకె ఉన్న బండి కావాలి మీకు. హైలాండర్‌లో అది దొరకడం కష్టం. లాగే బరువులో 857 ఎక్కువ, మోసే బరువులోనూ నమ్మకం లేదు. ఇంక ఇంజను గురించి మాట్లాడక్కర్లేదు.

ఆబ్రీ_నాన్న
ఆ స్టిక్కర్ ఉందనే తెలీదు సార్, టైర్ల గాలి అంకెల కోసమేమో అనుకున్నా. ఒక అనుమానం. టంగ్ వెయిట్ తగ్గించుకుంటే? గుర్రాల్ని కాస్త వెనక్కి నిలబెట్టి, సామాను వెనక వేస్తే 10 శాతం కంటే తక్కువ వస్తుంది కదా?

కాడిమాను
ఎడ్లబండి తోలినవాళ్ళని అడగండి, చెప్తారు. గడ్డి వెనక ఎక్కువేస్తే బండి వెనక్కి మొగ్గి కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడపట్టీ గొంతుకు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువేస్తే మెడ మీద బరువు. కొంచెం ముందుకు మొగ్గు ఉంటేనే బండి నెమ్మదిగా, తిన్నగా నడుస్తుంది. ట్రైలర్‌దీ అదే లెక్క, కాకపోతే 60 మైళ్ళ వేగంలో.

టంగ్ మీద 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ పక్కలకి ఊగడం మొదలవుతుంది. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ దాటినప్పుడు గాలి ముందు ట్రైలర్‌ని తోస్తుంది, తర్వాత లాగుతుంది. టంగ్ బరువు సరిగ్గా ఉంటే ఆ ఊపు దానంతటదే చస్తుంది. తక్కువుంటే ఒక్కో ఊపుకీ పెద్దదవుతుంది. పైగా లోపలున్నది బస్తాలు కాదు. గుర్రం కాళ్ళు మార్చుకుంటుంది, పక్క గోడకి ఆనుకుంటుంది. బరువు దానంతటదే కదిలే సరుకు ఇది. కాబట్టి 12, 13 శాతానికి గురిపెట్టండి, 10కి కాదు.

ఒక్క గుర్రాన్నే తీసుకెళ్ళే రోజు ఎడమ అరలో, అంటే డ్రైవర్ వైపు నిలబెట్టండి. రెండు ఉంటే బరువైనది ఎడమకి. ఇక్కడ మనం నడిపేది రోడ్డు కుడి వైపు, రోడ్డు అంచుకి వాలు ఉంటుంది. కుడివైపు బరువు పెడితే కుడి చక్రం మట్టిలోకి దిగినప్పుడు ట్రైలర్ ఒరుగుతుంది.

శాంటాక్లారా_సుబ్బు
అందరూ భయపెడుతున్నారు. మా వైపు టొయోటా టాకోమా వీ6 పికప్‌తో ఎంతమంది లాగట్లేదు? 6,400 రేటింగ్. 5,857 దానికి లోపలే కదా.

తూకంరాళ్ళు
సుబ్బు గారూ, టాకోమా డబుల్ క్యాబ్ స్టిక్కర్ చాలావాటిలో 1,100 చుట్టుపక్కల ఉంటుంది. 761 టంగ్, 90 హిచ్ తీసేస్తే 249 మిగిలింది. డ్రైవరొక్కడు, ఒక బ్యాగు. పాపని బస్సెక్కించి పంపాలి.

టో రేటింగ్ ఎలా వస్తుందో ఒక్కసారి చూడండి. ఎస్ఏఈ జే2807 అని ఒక ప్రమాణం ఉంది. 2011 మోడళ్ళతో దాన్ని మొదట పాటించింది టొయోటానే, తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఘాట్ ఎక్కించి పరీక్షిస్తారు. మంచి ప్రమాణమే, కాదనను. కానీ దాని లెక్కలో బండిలో డ్రైవరూ పక్కన ఒకరూ, తలా 150 పౌండ్లు, అంతే. వెనక సీట్లో పిల్లలు లేరు, ట్రక్కు తొట్టిలో గడ్డి లేదు. మనం వేసే ప్రతి పౌండూ ఆ రేటింగ్‌ని కొరుక్కుతింటుంది.

బ్రేక్_శాస్త్రి
అందరూ లాగడం గురించే మాట్లాడుతున్నారు. టెక్సాస్ చదును నేల. లాగడం ఏ బండైనా లాగుతుంది. ఆపడం చూడండి.

60 మైళ్ళ వేగం అంటే సెకనుకి 88 అడుగులు. ముందు బండికీ మీకూ నాలుగు సెకన్ల దూరం అంటే 352 అడుగులు, పైగా ఆపేది ఒక్క బండిని కాదు, దాదాపు ఆరు వేల పౌండ్ల ట్రైలర్‌ని కూడా. ట్రైలర్ బ్రేకులు తమ బరువు తామే ఆపుకోవాలి. అందుకని బండిలో మూడు ఉండి తీరాలి.

ఏడు పిన్నుల కనెక్టర్. నాలుగు పిన్నులదాంట్లో దీపాలు తప్ప బ్రేకు తీగ ఉండదు. హైలాండర్ లాంటి వాటికి బయట షాపుల్లో వేసేది ఎక్కువగా ఈ నాలుగు పిన్నులదే.

బ్రేక్ కంట్రోలర్. ట్రక్కుల్లో ఫ్యాక్టరీదే వస్తే అది మేలు. బయటది వేయించుకుంటే ప్రపోర్షనల్ రకం తీసుకోండి, మీరు ఎంత గట్టిగా తొక్కితే ట్రైలర్ అంత గట్టిగా పట్టేది. టైమ్ డిలే రకం మీరు ఎలా తొక్కినా ఒకే లెక్కన పడుతుంది, లోపల గుర్రం ప్రతి సిగ్నల్ దగ్గరా తూలుతుంది. నాలుగు ట్రిప్పులయ్యాక ఆ గుర్రం ట్రైలర్ ఎక్కనంటే తప్పు గుర్రానిది కాదు.

మూడోది బ్రేక్అవే. బండి నుంచి ట్రైలర్ ఊడిపోతే పిన్ను లాగేసి ట్రైలర్ మీదున్న 12 వోల్టుల బ్యాటరీతో బ్రేకులు పట్టించే స్విచ్చి. దాని తీగని సేఫ్టీ చైన్‌కి, బాల్ మౌంట్‌కి (బాల్ బిగించి ఉండే కడ్డీ) తగిలించొద్దు. బాల్ మౌంట్ బండికున్న రిసీవర్ గొట్టం లోంచి జారిపోయిందనుకోండి, తీగ దానితోపాటే వెళ్ళిపోతుంది, పిన్ను ఊడదు. బండి ఫ్రేముకి, రిసీవర్ మీద విడిగా ఉన్న రంధ్రానికి తగిలించాలి.

టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలి, ఇది మీ ట్రైలర్‌కి వర్తిస్తుంది. 2025 జనవరి 1 నుంచి ఇక్కడ సొంత వాహనాల సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. కాబట్టి ఎవరూ చూడరు. మీరే చూసుకోవాలి.

లండన్_లక్ష్మి
చిన్న సందేహం. ఇక్కడ యూకేలో మామూలు ఎస్‌యూవీలతోనే రెండు గుర్రాలు లాగుతారు, 2,700 కిలోల ట్రైలర్లు. 2021 డిసెంబర్ 16 నుంచి మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల దాకా లాగొచ్చు కూడా. అమెరికాలో ఎందుకంత ట్రక్కుల పిచ్చి?

కాడిమాను
లక్ష్మి గారూ, పిచ్చి కొంత ఉంది, ఒప్పుకుంటాను. కానీ లెక్క వేరు. మీ ట్రైలర్లకి ఇరుసులు మధ్యలోకి ఉంటాయి, బాల్ మీద పడేది 100, 150 కిలోలు, అంటే నాలుగు నుంచి ఆరు శాతం. బ్రేకులు ఓవర్‌రన్, అంటే ట్రైలర్ ముందుకి తోసుకొచ్చినప్పుడు ఆ తోపుకే పడతాయి, కరెంటు అక్కర్లేదు. మోటార్‌వే మీద ట్రైలర్ ఉంటే 60, సింగిల్ రోడ్డు మీద 50 మించకూడదు. ఇక్కడ టెక్సాస్‌లో ట్రైలర్‌కి విడిగా వేగపరిమితి లేదు, ఐ-35 హైవే మీద అందరూ 75లో పోతుంటారు. ఇరుసులు వెనక్కి ఉంటాయి, బాల్ మీద బరువు రెట్టింపు. అక్కడి రేటింగ్ చూసి ఇక్కడి బండి కొంటే దెబ్బతింటారు. ఒకే మోడల్ కారుకి రెండు దేశాల్లో రెండు టో రేటింగులు ఉండటానికి కారణం చాలావరకు ఇదే.

డీజిల్_బాబాయ్
సరే, ఏం కొనాలో చెప్పుకుందాం.

తమ్ముడూ, నీకు రెండు దారులు. ఒకటి, జాగ్రత్తగా ఏరుకున్న హాఫ్ టన్, అంటే ఎఫ్-150, రామ్ 1500 లాంటి పికప్. రెండు, త్రీ క్వార్టర్ టన్, అంటే ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500.

హాఫ్ టన్‌లో మోసం ఎక్కడంటే, ఎంత ఖరీదైన ట్రిమ్ (హంగుల స్థాయి) కొంటే పేలోడ్ అంత తగ్గుతుంది. లెదర్ సీట్లు, గాజు కప్పు, పెద్ద చక్రాలు, కరెంటు మెట్లు, ఇవన్నీ బరువే. అన్నీ ఉన్న ఎఫ్-150 క్రూ క్యాబ్ 4x4 స్టిక్కర్ 1,400 దగ్గర కనిపిస్తుంది. బట్ట సీట్ల ఎక్స్ఎల్‌టీ అయితే 1,800 పైన కూడా దొరుకుతుంది. ఒకే బండి, ఒకే ఇంజను. వెబ్‌సైట్‌లో ఉండే పెద్ద అంకె ఏ ట్రిమ్‌దో అడిగితే సేల్స్‌వాడికీ తెలీదు. యాడ్ చూసి కాదు, ఆ బండి తలుపు తీసి ఫోటో అడుగు. ఫోటో పంపనంటే ఆ బండి వదిలెయ్. డీలర్ తర్వాత బిగించిన తొట్టి మూత, రన్నింగ్ బోర్డులు స్టిక్కర్‌లో లెక్క ఉండకపోవచ్చు, వాటి బరువు ఆ అంకెలోంచి నువ్వే తీసెయ్యి.

ఇరుసు రేషియో, అంటే ఇరుసు గేర్ల నిష్పత్తి, కూడా చూడు. రామ్ 1500 అదే వీ8తో 3.21 రేషియోకీ 3.92 రేషియోకీ టో రేటింగ్‌లో వెయ్యి పౌండ్లకు పైన తేడా ఉంటుంది. విన్ నంబర్‌తో బిల్డ్ షీట్ తీస్తే తెలుస్తుంది.

త్రీ క్వార్టర్ టన్‌లో నువ్వనుకునేదానికి ఉల్టా. నా పేరు డీజిల్ బాబాయ్ అయినా చెప్తున్నా, నీ పనికి డీజిల్ వద్దు. డీజిల్ ఇంజను బరువెక్కువ, జీవీడబ్ల్యూఆర్ మాత్రం పదివేల దగ్గరే కట్టేశారు. ఆ ఇంజను తినేసిన బరువు పేలోడ్‌లోంచే పోతుంది. రామ్ 2500 డీజిల్ 2,000 దగ్గర ఉంటే పెట్రోల్ 6.4 హెమి 3,000 దగ్గర ఉంటుంది. ఏడాదికి ఐదు ట్రిప్పులకి డీజిల్ ఫిల్టర్లు, పొగని శుభ్రం చేసే డెఫ్ ద్రవం ఖర్చు ఎందుకు? కొలరాడో కొండలెక్కి, మూడు గుర్రాల గూస్‌నెక్ (ట్రక్కు తొట్టిలో తగిలించే ట్రైలర్) లాగేవాడికి డీజిల్. గూస్‌నెక్‌లో 20, 25 శాతం తొట్టి మీదే పడుతుంది. అప్పుడు 3500 కూడా చూడాలి.

ఖాళీగా తోలినప్పుడు 2500 గుంతల్లో ఎత్తెత్తి వేస్తుంది. ఇంట్లోవాళ్ళని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళు, తర్వాత పోట్లాట ఉండదు.

కొత్తసభ్యుడు_77
ఎక్స్‌పెడిషన్, సబర్బన్ సంగతేంటి? కుటుంబానికి అవే హాయి కదా.

తూకంరాళ్ళు
సబర్బన్, ఎక్స్‌పెడిషన్ మ్యాక్స్ పరవాలేదు, టో ప్యాకేజీ ఉంటే. స్టిక్కర్ బొటాబొటీగా 1,500, 1,600 వస్తుంది. ఇద్దరే వెళ్తే సరిపోతుంది, నలుగురైతే అంచున ఉంటారు. సబర్బన్ వీల్‌బేస్ 134 అంగుళాలు, టాహో 121. ట్రైలర్ పక్కకి తోసినప్పుడు పొడుగు బండి నిలబడుతుంది, పొట్టిది తిరుగుతుంది. రెండూ ఒకే ధరకి దొరికితే సబర్బన్. 2-డోర్ రాంగ్లర్‌తో లాగాలని ఆలోచన ఉంటే మానుకోండి.

ఎలక్ట్రిక్ గురించి ఎవరూ అడగలేదు గానీ అడుగుతారు. రివియన్ ఆర్1టీ రేటింగ్ 11,000. బలం చాలు. ఎత్తైన పెట్టె లాంటి ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడుతుంది. దానికంటే పెద్ద చిక్కు, చాలా ఛార్జర్ల దగ్గర ట్రైలర్ విప్పితేగానీ బండి పట్టదు. లోపల గుర్రాలుండగా ట్రైలర్ విప్పకూడదు. అక్కడితో ఆ కథ ముగిసింది.

మోడరేటర్
కాగితాల గురించి రెండు మెసేజ్‌లు వచ్చాయి, ఇక్కడే చెప్పేస్తాను. ఓక్లహోమా వెళ్ళాలంటే 12 నెలల లోపు కాగిన్స్ (గుర్రాల అంటు రక్తహీనత పరీక్ష) నెగటివ్ రిపోర్టు ఉండాలి. తిరిగి టెక్సాస్‌లోకి రావడానికీ అడుగుతారు, కాబట్టి వెటర్నరీ సర్టిఫికెట్‌తో పాటు గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి. బండి ఇన్సూరెన్స్ గుర్రాలకి వర్తించదు. మిగతాది వేరే థ్రెడ్‌లో.

ఆబ్రీ_నాన్న
మూడు బళ్ళ స్టిక్కర్ ఫోటోలు తెప్పించాను.
1) 2020 ఎఫ్-150 లారియట్, 3.5 ఎకోబూస్ట్: 1,438
2) 2019 రామ్ 2500, డీజిల్: 1,994
3) 2020 రామ్ 2500, 6.4 పెట్రోల్: 2,887
మొదటిది నాకు భలే నచ్చింది. టో రేటింగ్ పదివేల పైన. 93 పౌండ్లే తక్కువ. పిల్లల్ని వేరే కార్లో పంపిస్తే?

తూకంరాళ్ళు
మూడోది.

93 ఒక్కటే కాదు. వెనక ఇరుసు ఎంత మోస్తుందో చూడండి. బాల్ వెనక ఇరుసుకి 60 అంగుళాలు వెనక ఉందనుకోండి, వీల్‌బేస్ 145. అది ఏతాం లాంటిది. వెనక చివర నొక్కితే ముందు లేస్తుంది. 761 పౌండ్లు బాల్ మీద పడితే వెనక ఇరుసు మీద పడేది 761 కాదు. 761ని 205తో గుణించి 145తో భాగించండి, 1,076. ముందు ఇరుసు 315 పౌండ్లు తేలికవుతుంది. ముందు చక్రాలే తిప్పేవి, బ్రేకులో ఎక్కువ పనీ వాటిదే. వర్షంలో స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది అని జనం చెప్పేది దీన్నే.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఈ 315లో కొంత తిరిగి ముందు ఇరుసుకి పంపుతుంది. అది పేలోడ్‌ని పెంచదు, టో రేటింగ్‌ని పెంచదు. హాఫ్ టన్ ట్రక్కుల రిసీవర్ కింద స్టిక్కర్ చూడండి, చాలావాటిలో మామూలు బాల్‌కి 5,000/500 (ట్రైలర్ బరువు/టంగ్ బరువు) అనీ, వెయిట్ డిస్ట్రిబ్యూషన్‌తో దానికి రెట్టింపు పైన అనీ రెండు వరసలు ఉంటాయి. అంటే 761 టంగ్‌కి ఆ హిచ్ సోకు కాదు, తప్పనిసరి. 2500లో రిసీవర్ మామూలుగానే ఎక్కువ మోస్తుంది. అయినా ఆ స్టిక్కరూ చదవండి, ట్రైలర్ కంపెనీ మాన్యువల్ కూడా చూడండి, కొన్ని టంగ్‌లకి ఆ బార్లు బిగించొద్దంటారు.

బ్రేక్_శాస్త్రి
రామ్ తీసుకున్నాక, గుర్రాలు ఎక్కించకముందు ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్ చూసుకోండి. ట్రైలర్‌లో గుర్రాల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేస్తే ఇంకా మంచిది.

20, 25 మైళ్ళ వేగంలో, కాలు పెడల్ మీద పెట్టకుండా, కంట్రోలర్ మీదున్న చేతి మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు ఈడ్చుకుపోయే దాకా గెయిన్ (ట్రైలర్ బ్రేకు పట్టు) ఒక్కో మెట్టూ పెంచండి. లాక్ అయిన మెట్టు నుంచి ఒకటి, ఒకటిన్నర తగ్గించండి. అదే మీ అంకె. ఖాళీ ట్రైలర్‌కి ఇంకా తక్కువ అంకె ఉంటుంది, రెండూ టేపు మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించండి.

బ్రేక్అవే పరీక్షకి ముందు ఏడు పిన్నుల ప్లగ్గు పీకేయండి. లేకపోతే కరెంటు వెనక్కి వచ్చి కంట్రోలర్ పాడవుతుంది. పిన్ను లాగి బండిని అడుగు ముందుకి లాగిచూడండి, చక్రాలు మొరాయించాలి. వెంటనే పిన్ను పెట్టేయండి.

దారిలో ట్రైలర్ ఊగితే పెడల్ తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు ఒక్కటే నెమ్మదిగా పట్టించండి. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి పోయేలా అలవాటు చేసుకోవాలి.

గడ్డిమోపు
ట్రైలర్ గురించి ఎవరూ అడగలేదే. స్టీలు, సెకండ్ హ్యాండ్, అంటే కింద నేల చాలావరకు చెక్కదే. మ్యాట్లు మొత్తం బయటికి లాగి, స్క్రూడ్రైవర్‌తో ప్రతి పలకనీ పొడవండి. మెత్తగా దిగితే పుచ్చిపోయింది. మూత్రం మ్యాట్ల కింద చేరి తినేస్తుంది. పైనుంచి చూస్తే కొత్తదిలా మెరుస్తుంది. కిందికి దూరి అడ్డ స్తంభాల తుప్పు కూడా చూడండి. అల్యూమినియం నేలనీ మూత్రం తింటుంది, సన్న గుంతలు పడతాయి.

టైరు పక్కన డాట్ (DOT) అని రాసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ నిండా ఉన్నా ఐదారేళ్ళు దాటితే మార్చండి. ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ట్రైలర్ టైర్లు అరిగి చావవు, ఎండకి ఎండి చస్తాయి. ఎస్టీ225/75ఆర్15 లోడ్ రేంజ్ డీ అయితే 65 పీఎస్ఐ దగ్గర 2,540 పౌండ్లు మోస్తుంది. 45 పీఎస్ఐతో ఆగస్టులో 377 హైవే మీద తోలితే పక్కగోడ వేడెక్కి పేలుతుంది. గాలి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే కొట్టించండి. బేరింగుల గ్రీజు ఏడాదికోసారి.

కళ్ళెం_అక్క
ఎక్కించే వరస కూడా రాసేస్తాను, పాపకి నేర్పండి. ముందు ట్రైలర్ బండికి తగిలించాలి, తర్వాతే గుర్రం. తగిలించని ట్రైలర్‌లో గుర్రం వెనక్కి జరిగితే ట్రైలర్ మూతి పైకి లేస్తుంది. గుర్రం లోపలికి వెళ్ళాక మొదట దాని వెనక అడ్డకర్ర పెట్టి, ఆ తర్వాతే తల కట్టాలి. దింపేటప్పుడు దీనికి సరిగ్గా ఎదురు, తల విప్పి ఆ తర్వాత అడ్డకర్ర. ఇది తిరగబడితే తల కట్టి ఉండగా గుర్రం వెనక్కి గుంజుకుంటుంది. అప్పుడు హాల్టర్ తెగుతుంది, లేకపోతే గుర్రానికి మెడ దెబ్బ.

దారిలో టైరు పోతే గుర్రాల్ని రోడ్డు పక్కన దింపొద్దు. వాలు దిమ్మె ఒకటి ట్రైలర్‌లో పెట్టుకోండి. రెండు ఇరుసుల ట్రైలర్ కదా, బాగున్న చక్రాన్ని దిమ్మె మీదకెక్కిస్తే పోయిన చక్రం గాల్లోకి లేస్తుంది, జాకీ అక్కర్లేదు. మామూలు టోయింగ్ వాళ్ళు చాలామంది గుర్రాలుంటే ముట్టుకోరు. యూఎస్‌రైడర్ లాంటి గుర్రాల ట్రైలర్ల సభ్యత్వం తీసుకుంటే అర్ధరాత్రి పనికొస్తుంది.

తూకంరాళ్ళు
చివరగా తూకం. లవ్స్, పైలట్ ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్, అంటే లారీలు తూచే కాటా, ఉంటుంది. గుర్రాలు లేని రోజు, నలుగురూ కూర్చుని, ట్యాంకు నిండా పోసి, బండి ఒక్కటే తూయించండి. ఇది ముందే చేసుకోవాలి. గుర్రాలుండగా ట్రైలర్ విప్పలేరు కదా. తర్వాత అసలు ప్రయాణం రోజు గుర్రాలతో తూయించండి. ముందు ఇరుసు మొదటి పలక మీద, వెనక ఇరుసు రెండోదాని మీద, ట్రైలర్ మూడోదాని మీద నిలబడాలి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు లేకుండా వచ్చిన బండి రెండు పలకల మొత్తంలోంచి మొదటి రోజు మొత్తం తీసేస్తే అసలు టంగ్ వెయిట్. దాన్ని ట్రైలర్ మొత్తంతో (మూడో పలక + టంగ్) భాగించండి. 0.12, 0.13 రావాలి. 0.09 వస్తే నీళ్ళ డబ్బా ముందుకి జరపండి. వెనక ఇరుసు అంకె తలుపు మీద రాసిన వెనక జీఏడబ్ల్యూఆర్ (ఆ ఇరుసు మీద మించకూడని బరువు) లోపల ఉండాలి.

ఆబ్రీ_నాన్న
మూడోదానికి అడ్వాన్స్ ఇచ్చేశాను. ట్రైలర్ నేల కూడా పొడిచి చూశాం, రెండు పలకలు మెత్తగా ఉన్నాయి, అమ్మేవాళ్ళు మార్చి ఇస్తామన్నారు. ఆదివారం తగిలించి చూద్దామనుకుంటున్నా. డీలర్ బాల్ మౌంట్ ఉచితంగా ఇచ్చాడు.

డీజిల్_బాబాయ్
బాల్ మీద నెత్తిన అచ్చు ఉంటుంది, ఎంత సైజో చూడు. ట్రైలర్ మూతికి బాల్‌ని పట్టుకునే కప్లర్ మీద కూడా ఉంటుంది.

ఆబ్రీ_నాన్న
బాల్ మీద 2 అంగుళాలు, 6,000 పౌండ్లు. కప్లర్ మీద 2-5/16. కానీ పెట్టి చూశా, గొళ్ళెం పడింది.

బ్రేక్_శాస్త్రి
పడుతుంది. అదే ప్రమాదం. 2 అంగుళాల బాల్ మీద 2-5/16 కప్లర్ గొళ్ళెం పడుతుంది, పిన్ను కూడా పడుతుంది, మొదటి గుంత దగ్గర ఎగిరి బయటికొస్తుంది. 7,000 జీవీడబ్ల్యూఆర్ ట్రైలర్‌కి 6,000 బాల్ ఎలాగూ చాలదు. 2-5/16 బాల్, 7,000కి పైన రేటింగ్ ఉన్నది తెప్పించండి. నట్టుని టార్క్ రెంచ్‌తో, పెట్టె మీద రాసినంత బిగించాలి. తగిలించాక ట్రైలర్ జాకీతో టంగ్‌ని రెండు మూడు అంగుళాలు పైకెత్తండి. ట్రక్కు వెనక భాగం కూడా దానితో లేవాలి. కప్లర్ ఒక్కటే లేస్తే అది పట్టుకోలేదన్నమాట. చైన్లు టంగ్ కింద అడ్డంగా దాటించి తగిలించండి, టంగ్ జారితే నేల మీద కాక వాటి మీద పడుతుంది. అప్పుడు ఫోటో పెట్టండి, చూస్తాం.

ఆబ్రీ_నాన్న
ఆదివారం మానేశా. బాల్ బుధవారం వస్తుందట.